చూడకండి, బాబుగారూ!

మా వీధి గేటు బందు ఊడిపోయి రెండు నెలలైంది. మేకలు నిర్భయంగా లోపలికి వచ్చి మా ఆవిడ కనకాంబరాలు మేసిపోతూంటే, ఇక లాభంలేదని బజారులో వెల్డింగు మేస్త్రీని పిలుచుకొచ్చాను. 2,000 రూపాయలడిగాడు. గంటసేపు బేరమాడి 1,400కు దింపాను. ఆ విజయగర్వంతో అరుగుమీద కుర్చీ వేసుకుని దగ్గరుండి పని చేయించసాగాను.

మేస్త్రీ వెంట పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడొకడు వచ్చాడు. గేటు కదలకుండా పట్టుకోవడం వాడి పని. మేస్త్రీ నల్లద్దం బిగించిన పలకను ఒక చేత్తో మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కుర్రవాడు కళ్ళు మూసుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాడికున్న రక్షణ అంతే.

"చూడకండి, బాబుగారూ!" అన్నాడు మేస్త్రీ.

డబ్బిచ్చేవాణ్ణి, నా గేటు నేను చూడకూడదా? చూశాను. నిప్పురవ్వలు మతాబాపువ్వుల్లా రాలుతున్నాయి. కన్ను చుర్రుమననైనా లేదు. మేస్త్రీది ఉత్త చాదస్తమనుకున్నాను.

రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చింది. కళ్ళల్లో ఎవరో గుప్పెడు ఇసుక పోసి రుద్దుతున్నట్టుంది. నీళ్ళు ధారలు కడుతున్నాయి. దీపం వేస్తే భరించలేకపోయాను. మా ఆవిడ కంగారుపడి బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళమీద పెట్టింది. తెల్లవారాక పొరుగింటి పిన్నిగారు చనుబాలు పిండించమన్నారు. నేను ఆస్పత్రికే వెళ్ళాను.

డాక్టరుగారు చూడగానే, "వెల్డింగు చూశారా?" అన్నారు. ఆ వెలుగులో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయట. ఎండ ఒంటిని కమిల్చినట్టే అవి కంటి పైపొరను కమిలుస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. 6 గంటలకో, 12 గంటలకో బాధ బయటపడుతుంది. మామూలు చలువ కళ్ళద్దాలు దానికి ఆగవు. చేసేవాడికి 10, 11 నంబర్ల నల్లద్దం ఉండాలి.

"ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బాధ తెలియకుండా చేసే చుక్కలు మాత్రం ఇంటికిమ్మని అడక్కండి. అవి పదేపదే వేసుకుంటే పుండు మానదు" అన్నారు.

కళ్ళు మూసుకుని పడుకున్న ఆ రెండు రోజులూ నా మనస్సు కుర్రవాడి మీదే ఉంది. మూడోనాడు డబ్బుకోసం ఇద్దరూ వచ్చారు.

"నీకూ రాత్రిళ్ళు ఇలా అవుతుందిట్రా?" అనడిగాను.

"వారానికోసారైనా అవుతుందండి. తడిగుడ్డ వేసుకుని పడుకుంటాను. అలవాటైపోయింది" అన్నాడు నవ్వుతూ. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బాధకు మనిషి అలవాటు పడతాడేమో గాని, కన్ను ఎలా అలవాటు పడుతుంది?

"తలకు తొడిగే ముసుగొకటి వీడికి కొనరాదటయ్యా?" అన్నాను మేస్త్రీతో.

"కొందామనే ఉందండి. ప్రతిసారీ బేరంలోనే పోతోంది" అన్నాడతను. దెప్పిపొడుపేమీ లేదు. ఉన్నమాటే చెప్పాడు. నాకు మాత్రం చెంప చెళ్ళుమన్నట్టయింది.

తగ్గించిన 600 కూడా కలిపి ఇచ్చి, కుర్రవాడికి ముసుగూ తోలు చేతితొడుగులూ కొనమన్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరింట వెల్డింగయినా నేనే ముందు వెళ్ళి చెబుతున్నాను: రేకు అడ్డం పెట్టించండి, పిల్లల్ని లోపలికి పంపండి, పక్కనున్న ఎండుగడ్డీ కిరసనాయిలూ తీసేయండి, కరెంటు తీగె ఎక్కడైనా చిరిగిందేమో చూడండి, తడినేల మీద నిలబడి చేయనివ్వకండి.

మొన్న బజారుకు వెళ్తే ఆ కొట్టు ముందు ఎవరో తలనిండా ముసుగు వేసుకుని పనిచేస్తున్నాడు. పోల్చుకుందామని ఒక్క అడుగు ముందుకు వేశాను. పని ఆపి, ముసుగు పైకెత్తి, "చూడకండి, బాబుగారూ!" అని కేకేశాడు.

కుర్రవాడే! ఈసారి బుద్ధిగా మొహం తిప్పుకున్నాను.