ఎదుట వినునది, నడుమ వినునది

సూర్యాపేటకు చేరువనున్న దురాజ్‌పల్లి గుట్టపై రెండేండ్లకొకసారి మాఘమాసమున జరుగు లింగమంతుల స్వామి జాతరలో ఒక రాత్రి గడపినవానికి, ధ్వని మనుష్యుని నలుదెసలనుండి కమ్ముకొనుట యననేమో వేఱుగా బోధింపవలసిన పనిలేదు. వెనుకనుండి భేరీల మ్రోత, ప్రక్కనుండి గజ్జెల లాగులు తొడిగిన యువకుల అడుగుల సవ్వడి, ఎక్కడినుండియో లేచి తలల మీదుగా సాగిపోవు ‘ఓ లింగా’ యను కేక, వీనిలో ఏదియు మన యెదుట నిలిచి మనకొఱకు వినిపించునది కాదు. దాని నడుమ మనమున్నాము, అంతే. అదే యూర హరికథకో పద్యనాటకమునకో పోయి కూర్చున్నచో సంగతి వేఱు. అచ్చట చెప్పువాడు ఎదుట నుండును, హార్మోనియము ఎదుట నుండును, వెనుక వినబడునది తోడి శ్రోతల దగ్గును, పసిబిడ్డ యేడుపును మాత్రమే. హోం థియేటరు రిసీవరులో ఏ మోడ్ పెట్టవలెనను ప్రశ్నకు సమాధానము, నా నమ్మకమున, ఈ రెండు తావుల నడుమనే యున్నది. వినబోవునది హరికథ వంటిదా, జాతర వంటిదా యని ముందు తెలిసికొనవలెను.

ఈ ప్రాంతమున క్రొత్తగా కట్టుకొనుచున్న ఇండ్లలో హోం థియేటరు పెట్టించుకొనువారు ఇప్పుడు అరుదు కారు. ఐదు స్పీకర్లను, ఒక సబ్‌వూఫరును అమర్చి, వైర్లను గోడలలో దాచిన పిదప మిగులునది రిమోటు మీది యొక చిన్న మీట. దానిని నొక్కినకొలది స్టీరియో, డైరెక్ట్, డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్, మల్టీ ఛానెల్ స్టీరియో, రాక్ అరీనా, జాజ్ క్లబ్ అని పేర్లు మారుచుండును. పెక్కుమంది మల్టీ ఛానెల్ స్టీరియో యొద్ద ఆగిపోవుదురు. ఏలయన అందులో స్పీకర్లన్నియు ఒక్కసారిగా పలుకును, పెట్టిన పైకమంతయు పనిచేయుచున్నట్లు తోచును. పెండ్లివారింట, చుట్టములు ఈ గదినుండి ఆ గదికి తిరుగుచుండగా పాటలు పెట్టుటకు అది తగినదే. కాని తెర యెదుట కూర్చుండి సినిమా చూచువానికి అది తీరని అన్యాయము; నాయిక ఎదుట పెదవి కదల్చుచుండగా ఆమె గొంతు వీపు వెనుకనుండియు వచ్చును.

ఈ మోడ్లలో ఉన్నదానిని విప్పి చూపునవి కొన్ని, లేనిదానిని కల్పించునవి కొన్ని. విప్పి చూపుటలోని ఉపాయము మిక్కిలి అందమైనది. 1970ల నడుమ డాల్బీ సంస్థవారు సినిమా రీలు మీది రెండు ధ్వనిదారులలోనే నాలుగింటిని ఇమిడ్చిరి. ఎడమ కుడి దారులలో సరిసమానముగా నున్నది నడిమి స్పీకరునకు పోవును, ఒకదానికొకటి ఎదురుగా తిరిగియున్నది వెనుక స్పీకర్లకు పోవును. 1987లో ప్రో లాజిక్ అను పేరుతో ఇండ్లకు వచ్చినదియు, నేడు డాల్బీ సరౌండ్ అను పేర రిసీవర్లలో నున్నదియు ఈ వివేకమునకు వారసులే.

కనుకనే పాత తెలుగు చిత్రములకు ఇది చక్కగా అమరును. 1957లో వెలువడిన ‘మాయాబజార్’లో ధ్వని ఒకే దారిని నడచినది. దానిని డాల్బీ సరౌండులో పెట్టి చూడుడు: రెండు దారులును ఒక్కటే గనుక యంత్రము ఆ ధ్వనినంతయు నడిమి స్పీకరునకు అప్పగించి, తక్కినవానిని మౌనముగా నుంచును. ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు నవ్వు తెర నడుమనుండి, ఆ నోటినుండియే వెలువడును. కాపీ తీసినప్పుడు రెండు దారులకు సమముగా పడని సన్నని బుస మాత్రము కొంత ప్రక్కలకు జారిపోవును, మాట తేటపడును. 2010లో ఆ చిత్రమునకు రంగులద్ది, డి.టి.ఎస్. ధ్వనితో మరల విడుదల చేసిరి. ఆ ప్రయత్నమును నేను తక్కువ చేయను. అయినను, పద్యనాటకము నుండి పుట్టిన ఆ వాచికమును ఎదుటనుండి వినుటయే దాని స్వభావమునకు తగినదని నాకు తోచును.

పాటల సంగతి మరియొకటి. ‘గీతాంజలి’ నాటి ఇళయరాజా పాటను స్టీరియోలోనో డైరెక్టులోనో వినవలెను. ఏ వాద్యము ఎడమకు, ఏది కుడికి, ఎంత దవ్వున అన్నది స్వరకర్తయు రికార్డింగు ఇంజనీరును కూర్చుండి తేల్చిన విషయము. ఐదు స్పీకర్లకు పంచినచో ఆ తీర్పు చెదరిపోవును.

జాతర వంటివి క్రొత్త చిత్రములు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతిలో, శబ్దమునకు స్పీకరును గాక తావును నిర్ణయింతురు, ‘ఆర్.ఆర్.ఆర్.’ వంటి చిత్రమున గుంపుల హోరు, మృగముల గర్జన ఎక్కడనుండి రావలెనో ముందే నిశ్చయమై యుండును, ఉన్న స్పీకర్లనుబట్టి దానిని అమర్చుట రిసీవరు పని. ఇట్టివానికి మోడ్ వెదకవలసిన పనిలేదు, వచ్చినదానిని వచ్చినట్లు పలుకనిచ్చిన చాలును. అయితే అది రిసీవరు దాక రావలెను గదా! టీవీలోని డిజిటల్ ఆడియో సెట్టింగు పి.సి.ఎం. మీద నున్నచో ఎంత గొప్ప మిశ్రమమైనను సాధారణముగా రెండు దారులకు కుదించుకొని పోవును. దానిని పాస్ త్రూకో బిట్‌స్ట్రీమునకో మార్చి, రిసీవరు ముఖమున అట్మాస్ అనియో డాల్బీ డిజిటల్ ప్లస్ అనియో అక్షరములు వెలుగుట కన్నులార చూచిన పిదపనే తక్కిన చర్చ.

కల్పించు మోడ్లను నేను పూర్తిగా త్రోసిపుచ్చను. యమహా సంస్థవారు 1986లో తెచ్చిన డి.ఎస్.పి.-1 అను యంత్రము వెనుక, నిజమైన సంగీతశాలలలో ప్రతిధ్వనులను కొలిచిన శ్రమ యున్నది. కాని మ్యూనిచ్ శాల ప్రతిధ్వనిని త్యాగరాజ కృతికి తొడుగుట నాకు రుచింపదు. పిల్లలమఱ్ఱిలో కాకతీయులనాటి ఆలయ మండపమున, నునుపుదేలిన నల్లరాతి స్తంభముల నడుమ నిలిచి ఒక్క చప్పట్టు చఱచినచో దాని మాఱుమ్రోత ఎట్లుండునో ఎవరైన శ్రద్ధగా కొలిచి ఒక మోడుగా చేసినచో, దానికొఱకు నేను రిసీవరును మార్చుకొందును.

ఇక ఇంటి సంగతి. సూర్యాపేటలోను కోదాడలోను 65వ నంబరు జాతీయ రహదారి ప్రక్కనున్న ఇండ్లకు రాత్రి లారీల రొద తప్పదు. సాగరు ఎడమకాలువ నీటి వరితో నిండు మిర్యాలగూడలో కోతల కాలమున రైసుమిల్లుల గుంయిమను మ్రోత తప్పదు. ఆ సన్నని అడుగుమ్రోత గుసగుసలను మ్రింగివేయును. శబ్దము పెంచినచో ప్రేలుడు దృశ్యమునకు పసిపిల్లలు మేలుకొందురు. దానికై నైట్ మోడ్ అనునది యున్నది: చిన్న ధ్వనిని పైకెత్తి, పెద్దదానిని అణచివేయును. బండలు పఱచిన నేల, నున్నని గోడలు గల హాలులో ఒక జంపుఖానా పఱచి, కిటికీలకు మందపు పరదాలు కట్టినచో మాట మరింత విడివడును. ధ్వని మిల్లీసెకనుకు ఇంచుమించు 34 సెంటీమీటర్లు సాగును గనుక, కూర్చుండుచోటినుండి ప్రతి స్పీకరు ఎంత దూరమో టేపుతో కొలిచి రిసీవరునకు చెప్పవలెను. చెవులు కొంచెము మందగించిన పెద్దవారున్న ఇంట నడిమి స్పీకరును రెండుమూడు డెసిబెళ్ళు పెంచి, వారిని కూర్చుండబెట్టి, మాటలు తెలియుచున్నవా యని అడిగి, వారు ఔనన్న తరువాత మోడ్ మీటను ముట్టుకొనవచ్చును.