చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది

2023 మే 14, ఆదివారం

మధ్యాహ్నం కంప్యూటర్ మళ్ళీ పోయింది. తెర నల్లబడింది, ఫ్యాను చప్పుడు ఆగింది, కాసేపటికి తనంతట తనే మళ్ళీ మొదలైంది. బాబాయి తన బడిపంతులు రోజులు చెబుతుంటే నేను పేజ్‌మేకర్‌లో టైపు చేస్తున్నాను. సేవ్ చేయని అరపేజీ పోయింది. ఎనభై దాటిన మనిషి. ఒకసారి నోట వచ్చిన వాక్యం రెండోసారి అలాగే రమ్మంటే రాదు. నాకు బాధంతా అదే.

షాపు కుర్రాడు ఫోన్లోనే తేల్చేశాడు: "విండోస్ పోయింది మేడమ్, ఫార్మాట్ కొట్టించేయండి." కారణం తెలియకుండా ఒప్పుకోను. ఈ ఒక్క మాటతో ఎన్ని ఇళ్ళలో పెళ్ళి ఫొటోలు, పిల్లల వీడియోలు తుడిచిపెట్టుకుపోయాయో! పైగా బాబాయి చెబుతున్న ఈ పుస్తకమంతా అను ఫాంట్లలో ఉంది, యూనికోడ్‌లో కాదు. పేజ్‌మేకర్ 7.0 వచ్చిందే 2001లో. ఆ ఏర్పాటంతా మళ్ళీ మొదటి నుంచి కుదుర్చుకోవడం చిన్నపని కాదు.

రాత్రి పడుకోబోయే ముందు పుస్తకం ఫోల్డరంతా బయటి హార్డ్‌డిస్కులోకీ పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించాను. మిగతావన్నీ దాని తర్వాతే.

మే 15, సోమవారం

క్రాష్ అవగానే దానంతట అది రీస్టార్ట్ అయ్యే సెట్టింగ్ తీసేశాను. నీలితెర వస్తే ఇక కళ్ళెదుటే నిలిచి ఉంటుంది, దాని మీది కోడ్ చదువుకోవచ్చు. సాయంత్రం మళ్ళీ పోయింది. నీలితెర రాలేదు.

ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్ 41. చాలామంది ఇక్కడే ఆగి, జబ్బు పేరు దొరికిందనుకుంటారు. 41 అంటే "కిందటిసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని మాత్రమే. అది మనకు ముందే తెలుసు. అసలు చూడాల్సింది లోపలి వివరాల్లో ఉండే బగ్‌చెక్ కోడ్. అక్కడ సున్నా ఉంది. మినీడంప్ ఫోల్డర్ ఖాళీ. డ్రైవరో ర్యామో తప్పు చేస్తే విండోస్ చాలాసార్లు చివరి క్షణంలోనైనా ఏదో ఒకటి రాసిపెట్టి పోతుంది. దీనికి ఆ వ్యవధి కూడా దొరకలేదు. కరెంటు వైపు అనుమానం మొదలైంది. వేడి కూడా కారణం కావచ్చు, అదీ చూడాలి.

మే 17, బుధవారం

డబ్బా తెరిచాను. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి బ్లోయర్ పెట్టాను, లేకపోతే ఆ గాలికి మితిమీరి తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశాను. పని చేస్తున్నప్పుడు ఇదివరకు 88 డిగ్రీలు చూపించేది, ఇప్పుడు 64. అయినా రాత్రి భోజనాల వేళ ఆగిపోయింది. ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది. తనను తాను ఆపేసుకోవడం ఆఖరి మెట్టు. 64 దగ్గర ఆ అవసరమే రాదు.

మే 18, గురువారం

రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను. ర్యామ్‌లో తప్పులు లేవు. డిస్కూ బాగానే ఉంది.

మే 20, శనివారం

పుస్తకం బాబాయిదే, జబ్బు పట్టుకున్నదీ బాబాయే. టైపు చేసేవాళ్ళు తెర చూస్తారు. చెప్పే మనిషి చెవి గదిలో ఉంటుంది.

"అమ్మాయ్, అది పోయే ముందు కింద ఆ పెట్టె టిక్కుమంటోంది."

"ఏ పెట్టె, బాబాయ్?"

"అదే, యూపీఎస్. పక్కగదిలో ఏసీ అందుకోగానే."

నోట్సులో రాసుకున్న వేళలు చూశాను. అన్నీ ఏసీ వేసుకునే వేళలే. కంప్రెసర్ అందుకునేటప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం పడుతుంది. ట్యూబ్‌లైటు మిణుకుమంటుంది, అంతే. యూపీఎస్ మాత్రం వెంటనే బ్యాటరీకి మారుతుంది, ఆ టిక్కు లోపలి రిలేది. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే మారిన మరుక్షణమే కంప్యూటర్‌కి కరెంటు లేదు.

మే 21, ఆదివారం

కంప్యూటర్‌తో పరీక్షించడం మంచిది కాదు కాబట్టి యూపీఎస్‌కి టేబుల్ లైటు తగిలించి, దాని ప్లగ్గు గోడ నుంచి పీకాను. లైటు వెంటనే ఆరిపోయింది. తర్వాత కంప్యూటర్‌ని నేరుగా గోడకి పెట్టి, బాబాయిని ఏసీ వేసి ఆపి మళ్ళీ వేయమన్నాను. చలించలేదు. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు సెకనులో కొన్ని వెయ్యో వంతుల సేపు కరెంటు నిలబెట్టగలవు. చిన్న తగ్గుదలకి అది చాలు. కాపాడాల్సిన పెట్టే ఇన్నాళ్ళూ కరెంటు పూర్తిగా కోసేస్తోంది.

లోపలిది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీ. ఇలాంటివి మామూలుగా మూడు నాలుగేళ్ళు వస్తాయి. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. గోదావరి ఎండల్లో, బల్ల కింద గాలాడని మూల పెట్టాం మరి.

మే 23, మంగళవారం

కొత్త బ్యాటరీ వేయించాను. పాతది షాపులోనే ఇచ్చేశాను, అందులో సీసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకూడదు. కొత్తదాని మీద తేదీ రాసి, పెట్టెను గాలి తగిలేచోటికి జరిపాను. లైటు పరీక్షలో ఈసారి లైటు ఆరలేదు. ఫార్మాట్ చేయించి ఉంటే ఫైళ్ళూ పోయేవి, జబ్బూ మిగిలేది.

ఏసీ, కంప్యూటర్ ఒకే లైను మీద ఉన్నాయి. ఏసీకి విడిగా లైను లాగమని, ఎర్తింగ్ కూడా చూడమని ఎలక్ట్రీషియన్‌ని రేపు పొద్దున రమ్మన్నాను. బాబాయి పదకొండింటికి వస్తానన్నారు, ఆలోపు పని అయిపోవాలి.