గేటుకు అటూ ఇటూ

సికింద్రాబాద్ కంటోన్మెంట్ వీధులు మూసినా గొడవే, తెరిచినా గొడవే. రెండుసార్లూ అక్కడివాళ్లను ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం వేళ సికింద్రాబాద్‌లోని ఏఓసీ సెంటర్ ప్రాంతంలో అడుగు పెడితే ఇది హైదరాబాదేనా అన్న అనుమానం వస్తుంది. రోడ్డుకు రెండువైపులా పాతకాలపు చెట్లు. వాటి నీడలో వరసగా క్వార్టర్లు. స్కూలు బస్సు దిగిన పిల్లలు చేయి పట్టుకునేవాళ్లు లేకుండానే ఇళ్లకు నడిచి పోతారు. సాయంత్రమైతే సైకిళ్లు రోడ్డెక్కుతాయి. హారన్ మోగితే తలుపు తీసి ఎవరొచ్చారా అని చూసేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దానికి తూర్పున మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ ఉన్నాయి. ఉదయం ఎనిమిది దాటితే అక్కడి జనమంతా సికింద్రాబాద్ వైపు కదలాల్సిందే. ఉద్యోగం, కాలేజీ, ఆసుపత్రి, రైల్వే స్టేషన్ అన్నీ అటే. వారికి దగ్గరి దారి కంటోన్మెంట్ లోపలి గఫ్ రోడ్డు. అది తెరిచి ఉంటే నిమిషాల ప్రయాణం. మూసేస్తే చుట్టూ తిరిగి, అప్పటికే కిక్కిరిసిన రోడ్డులో ఇంకో వాహనంగా చేరాలి. కాబట్టి ఒకరి వీధిలోని ప్రశాంతతకు ఇంకొకరి వీధిలోని రద్దీతో నేరుగా సంబంధముంది. పదేళ్లకు పైగా నలిగిన ఈ వివాదంలో ఇరువైపులా వినిపించిన మాటలన్నీ నిజాలే. అందుకే అది అంత తేలిగ్గా తెగలేదు.

నిజాం సికందర్ జా పేరుతో 1806లో సికింద్రాబాద్ వెలిసినప్పుడు ఈ సమస్యను ఊహించినవారు ఎవరూ ఉండరు. బ్రిటిష్ సైన్యం విడిది చేసింది ఊరికి దూరంగా, హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన. సైన్యానికి కావలసింది ఖాళీ స్థలం, అది అక్కడ కావలసినంత దొరికింది. తర్వాత ఊరే నడుచుకుంటూ సైన్యం దగ్గరికి వచ్చింది. మల్కాజిగిరి, అల్వాల్ మున్సిపాలిటీలుగా ఎదిగి, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాయి. సుమారు 10,000 ఎకరాల కంటోన్మెంట్ నగరం అంచు నుంచి నగరం నడిబొడ్డుకు చేరింది. విడిది కోసం వేసుకున్న రోడ్లు లక్షల మందికి రహదారులయ్యాయి. ఎవరూ నిర్ణయించి చేసిన మార్పు కాదిది. అందుకే ఆ రోడ్డు ఎవరిదన్న ప్రశ్నకు ఇద్దరూ 'మాదే' అంటారు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టంలోని 258వ సెక్షన్ ప్రకారం ఏ వీధినైనా శాశ్వతంగా మూయాలంటే భద్రత తప్ప మరో కారణం పనికిరాదు. ముందుగా బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి, వాటిని పరిశీలించాలి. పై అధికారి అనుమతి పొందాలి. కాగితం మీద ఇంతకంటే ప్రజాస్వామికమైన ఏర్పాటు ఉండదు. ఆచరణలో జరిగింది వేరు. ఫలానా తేదీ నుంచి పౌర వాహనాలు నిషేధమన్న ప్రకటన, కొన్నాళ్ల గడువు, రాష్ట్ర ప్రభుత్వ విజ్ఞప్తి, మళ్లీ గడువు... 2014 నుంచి మల్కాజిగిరి వాసులకు ఇదొక వార్షిక తద్దినంలా మారింది. పొద్దున తెరిచి ఉన్న గేటు సాయంత్రానికి ఉంటుందో లేదో చూసుకుని బయల్దేరాల్సిన పరిస్థితి.

2018 మేలో కథ అడ్డం తిరిగింది. కంటోన్మెంట్ బోర్డుల ప్రతినిధులు, ఎంపీలతో సమావేశమైన తర్వాత అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ హయాంలోని శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమంది. అడ్డంకులు, తనిఖీ కేంద్రాలు తొలగించమంది. పద్ధతి పాటించకుండా మూసినవి 119 ఉన్నాయని తేల్చింది. గేట్లు తెరుచుకున్నాయి. బయటి కాలనీల్లో పండగ వాతావరణం. లోపలి క్వార్టర్లలో కలవరం.

ఆ కలవరాన్ని పెద్దింటి అమ్మల గారాబంగా కొట్టిపారేసినవారున్నారు. అది అన్యాయం. ఆ క్వార్టర్లలో అధికారుల కుటుంబాలే కాదు, జవాన్ల కుటుంబాలూ ఉంటాయి. భర్త సరిహద్దులో ఉంటే, ఊరు కాని ఊళ్లో పిల్లలతో ఒంటరిగా ఉండే ఇల్లాళ్లు వేలల్లో ఉంటారు. పక్కింట్లో ఎవరున్నారో, గేటు దాటి ఎవరు వస్తున్నారో తెలుసన్న ఒక్క ధైర్యమే వాళ్లకు ఆసరా. సివిల్ కాలనీల్లో మాదిరి చాలా క్వార్టర్లకు ప్రహరీలుండవు. గుమ్మం దిగితే రోడ్డే. గేటే వాళ్ల ప్రహరీ. దాన్ని తీసేస్తే, వాళ్ల దృష్టిలో, ఇంటి గోడ తీసేసినట్టే. ఆన్‌లైన్ వినతిపత్రాల్లోనూ సామాజిక మాధ్యమాల్లోనూ సైనికుల భార్యలు ఈ మాటే రకరకాలుగా చెప్పారు. పిల్లల సైకిళ్లేం కావాలి? రాత్రిపూట తాగి బండి నడిపేవాడిని ఎవరు ఆపుతారు? ఆగి ఉన్న బండి ఎవరిదని ఎవరిని అడగాలి?

వీటి వెనక పీడకలలాంటి జ్ఞాపకాలున్నాయి. 2016 నవంబరు 29న జమ్మూ దగ్గర నగ్రోటాలో ఉగ్రవాదులు సైనిక శిబిరంలోకి చొరబడినప్పుడు ఇద్దరు అధికారుల భార్యలు, చంటిపిల్లలతో ఉండి కూడా, ఇంటి సామాన్లు అడ్డం పెట్టి వాళ్లను తమ క్వార్టర్లలోకి రానివ్వలేదు. 2018 ఫిబ్రవరి 10న సుంజ్వాన్‌లో దాడి జరిగింది కుటుంబాలుండే క్వార్టర్ల మీదే. ఆరుగురు సైనికులతోపాటు ఒక జవాను తండ్రి కూడా ప్రాణాలు కోల్పోయారు. గేట్లు తీయమన్న ఆదేశం వచ్చింది ఆ తర్వాత మూడు నెలలకే. సికింద్రాబాద్ జమ్మూ కాదన్నది నిజమే. అయితే ఈ ఏడాది సికింద్రాబాద్‌లో ఉన్న కుటుంబం కిందటేడు జమ్మూలో ఉండి ఉండవచ్చు. భయం కూడా పెట్టే బేడాతోపాటే బదిలీ అవుతుంది.

గేటు బయటి లెక్క వేరు. అంబులెన్సుకు ప్రతి మలుపూ ఒక గండం. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చే మహిళకు చుట్టుదారి అంటే మరికొన్ని చీకటి సందులు. కాపలాదారుకు గుర్తింపు కార్డు చూపించి, ఎక్కడికి, ఎందుకు అని చెప్పుకుని తన ఊళ్లో తాను తిరగాల్సి రావడం పౌరుడికి చిన్నతనమే. ఇందులో ఒక విచిత్రమూ ఉంది. గేటు బయటున్నవారంతా సైన్యంతో సంబంధం లేనివారు కారు. సైనిక్‌పురి పుట్టిందే మాజీ సైనికుల కాలనీగా. యాప్రాల్‌లోనూ వాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. నిన్నటిదాకా గేటు లోపల పిల్లల్ని పెంచినవారు పదవీ విరమణ మర్నాటి నుంచి గేటు బయట నిలబడాల్సి వచ్చింది. పెన్షన్ కాగితాలు అందుకున్నంత మాత్రాన ప్రశాంతత మీద ఇష్టం పోదు, దగ్గరి దారి అవసరమూ ఆగదు.

వీధిలో వాహనాలు పెరిగితే పోయేది నిశ్శబ్దం ఒక్కటేనా? అమెరికాలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ 1960ల చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధుల్ని పరిశీలించారు. ఒకదానిలో రోజుకు దాదాపు 2,000 వాహనాలు, రెండోదానిలో 8,000, మూడోదానిలో 16,000 తిరిగేవి. తక్కువ వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులుంటే, రద్దీ వీధిలో ఒకరి కంటే తక్కువే. ముఖ పరిచయాలూ సగానికి పడిపోయాయి. రద్దీ వీధిలోని వాళ్లు తమ ఇంటిని గుమ్మం వరకే గీసి చూపించారు. మిగతావాళ్లకు వీధంతా ఇల్లే. పక్కింటి పిన్నిగారితో అరుగు మీద కబుర్లు ఎప్పుడు ఆగిపోయాయని ఏ తెలుగు ఊళ్లో అడిగినా జవాబు దాదాపు ఇదే. యాపిల్‌యార్డ్ 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు ఢీకొని చనిపోయారు.

అయితే ఆ అధ్యయనాన్ని ఇంకో వైపు నుంచి కూడా చదవాలి. 2,000 వాహనాల వీధి అలా ఉందంటే, మిగతావి 16,000 వాహనాల వీధిలోంచి పోవడమే కారణం. ఆ రెండో వీధిలోనూ మనుషులే ఉంటారు. అక్కడ సాధారణంగా అద్దెలు తక్కువ, పలుకుబడి తక్కువ. ప్రశాంతత కావాలనుకునే ప్రతివాడూ ఆ మాట అనకుండానే పక్కవీధికి చప్పుడు పంపుతుంటాడు.

ఈ విషయంలో సైన్యాన్ని ఒక్కదాన్నే వేలెత్తి చూపడం కుదరదు. హైదరాబాద్‌లో ఎన్ని కాలనీల మొదట్లో ఇనుప గేట్లు లేవు? రాత్రి పదికి గేటు మూసేసి, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి, 'బయటివాళ్లకు దారి లేదు' అని బోర్డు పెట్టిన వీధుల్లో చాలావరకు మున్సిపల్ రోడ్లే. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా, కాలనీల మధ్య దారులకు అడ్డంగా కట్టిన గోడలు కూల్చడం మొదలుపెట్టగానే కంటోన్మెంట్ క్వార్టర్లలో ఆరేళ్ల కిందట వినిపించిన వాదనే సివిల్ కాలనీల్లోనూ వినిపించింది: పిల్లలు, దొంగతనాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు. మిలిటరీ గేటును నిరంకుశం అన్న నోటితోనే సొంత గేటును భద్రత అనగలగడం పట్టణ మధ్యతరగతికి అలవాటైపోయింది.

ఒకే యజమాని కట్టిన ఊళ్లన్నిటిలోనూ ఈ గీత కనిపిస్తుంది. సోవియట్ సాయంతో 1950ల్లో మొదలైన భిలాయి ఉక్కు నగరాన్నే తీసుకుంటే, తరాలుగా తెలుగు కుటుంబాలు కాపురముంటున్న ఆ టౌన్‌షిప్ సెక్టార్లలో వీధుల్ని చూసుకునేది ప్లాంటే. చెట్లూ, వెడల్పాటి రోడ్లూ, ఆటస్థలాలూ లెక్క ప్రకారం వేసినవి. ఉత్తరాన ఉన్న జాముల్‌కు ఆ భాగ్యం లేదు. అక్కడున్నది సిమెంటు కర్మాగారం, దానితోపాటే లారీలు. రెండు ఊళ్లూ బతికేది పరిశ్రమల మీదే. నీడ ఒకరి వంతు, దుమ్ము ఇంకొకరి వంతు అయ్యాయి. సికింద్రాబాద్‌లో గేటు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి తగాదా వచ్చింది. చాలాచోట్ల అది కనిపించదు, అంతే తేడా.

మరి తీర్పు ఎవరు చెప్పాలి? ఇక్కడే రాజకీయం వస్తుంది. మల్కాజిగిరి దేశంలోనే అత్యధిక ఓటర్లున్న లోక్‌సభ నియోజకవర్గం. చాలామంది సైనికుల ఓటు సొంత ఊళ్లోనే ఉంటుంది. ఓట్ల లెక్కలో గేటు తెరవడానికే మొగ్గు, అధికారం లెక్కలో మూయడానికే మొగ్గు. కోవిడ్ కాలంలో రోడ్లు మళ్లీ మూసేశారని రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి ఫిర్యాదు చేసింది. 2022 మార్చిలో అప్పటి మున్సిపల్ మంత్రి కె.టి.రామారావు, తీరు మారకపోతే సైన్యానికి నీళ్లు, కరెంటు ఆపేస్తామని శాసనసభలోనే హెచ్చరించారు. దేశాన్ని కాపాడేవారికి నీళ్లాపుతారా అని ప్రత్యర్థులు మండిపడ్డారు. ఆ కేకల్లో 258వ సెక్షన్ ఊసు ఎవరికీ పట్టలేదు.

ఆ సెక్షన్ కోరిన విచారణ జరపాల్సింది కంటోన్మెంట్ బోర్డు. ప్రజలెన్నుకున్న సభ్యుల గడువు 2021 ఫిబ్రవరిలో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న జరగాల్సిన ఎన్నికలను కేంద్రం మార్చిలోనే రద్దు చేసింది. పౌర ప్రాంతాలను పక్క మున్సిపాలిటీల్లో కలిపేయాలన్న ఆలోచన అప్పటికే మొదలైంది. అంటే అభ్యంతరం చెప్పమని చట్టం అన్నా, దాన్ని వినడానికి ఎన్నికైన చెవి లేకుండా పోయింది.

గేటు మూసినప్పుడు బయటివాళ్లను అడగలేదు. తెరిచినప్పుడు లోపలివాళ్లను అడగలేదు. మొదటిది స్థానిక సైనికాధికారుల ఆదేశం, రెండోది ఢిల్లీ ఆదేశం. అడిగి ఉంటే మధ్యేమార్గాలు దొరికేవి కావా? లారీలకు నిషేధం, క్వార్టర్ల ముందు వేగానికి కళ్లెం, స్కూలు విడిచే వేళలో వాహనాల నిలిపివేత, రాత్రిపూట మూసినా అంబులెన్సుకు మినహాయింపు, గుమ్మాల ముందు కాలిబాట, ఎత్తయిన కంచె. వీటిలో దేనికీ పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. ఒక హాల్లో రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టడమే కావాలి. 2020లో లండన్‌లో నివాస వీధుల్లోకి బయటి వాహనాలు రాకుండా అడ్డుకట్టలు వేసినప్పుడూ ఇదే జరిగింది. వాహనాలు ఎటు పోతాయో చెప్పకుండా, చుట్టుపక్కలవాళ్లను ముందుగా అడగకుండా పెట్టిన చోట్ల తగాదాలు ముదిరి కొన్నిటిని తీసేయాల్సి వచ్చింది.

అసలు మందు వేరే ఉంది. దగ్గరి దారి మీద ఒత్తిడి తగ్గాలంటే పెద్ద దారి బాగుండాలి. రక్షణ శాఖ భూములివ్వడానికి ఒప్పుకోవడంతో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు, డెయిరీ ఫాం రోడ్డు వైపు ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగాయి. ఏళ్లుగా 'కుదరదు' అన్న భూమే ఒక సంతకంతో కుదిరింది. అవి తిరుమలగిరి, అల్వాల్ వైపు వారికి ఊరటనిస్తాయి. మల్కాజిగిరి నుంచి పడమరకు వచ్చేవారికి కావలసింది ఏఓసీ చుట్టూ వెళ్లే ప్రత్యామ్నాయ రోడ్డు. అది పడేదాకా గఫ్ రోడ్డు మీదే అందరి కళ్లూ.

సైకిలు తొక్కే పిల్లకూ అంబులెన్సులోని రోగికీ ఆ రోడ్డు మీద హక్కుంది. ఇద్దరికీ ఒకేసారి కాకపోయినా, ఒకరి తర్వాత ఒకరికైనా దారి ఇవ్వవచ్చు. అందుకు కావలసింది గేటుకు తాళం వేసే చేయి గానీ, తాళం పగలగొట్టే చేయి గానీ కాదు. ఎవరికి ఎప్పుడు తీయాలో ఇరువైపుల వాళ్లూ కూర్చుని రాసుకున్న ఒక కాగితం.