చక్కెర డబ్బా

మావారికి షుగర్ అని తెలిసిన రోజు నుంచీ చక్కెర డబ్బా నా కాపలాలోకి వచ్చింది. అన్నం కొలిచి వడ్డించేదాన్ని. సకినాలు అటక మీద దాచేదాన్ని. పెళ్లికి వెళితే నా కళ్లన్నీ ఆయన విస్తరి మీదే!

2015 జులైలో గోదావరి పుష్కరాలు. ధర్మపురిలో స్నానం, నరసింహస్వామి దర్శనం అయ్యాకే తింటానని ఆయన పట్టుబట్టారు. పొద్దున్నే మాత్ర మాత్రం అలవాటుగా వేసుకున్నారు. గుడి వరుసలో గంటలు గడిచాయి. ఉన్నట్టుండి ఆయన చేతులు వణికాయి. చొక్కా చెమటతో తడిసింది. మాట తడబడింది. ఉక్కపోతకేమో అనుకున్నాను. వెనకాలున్న ఒకామె నర్సట. "షుగర్ పడిపోయినట్టుంది, జల్ది తీపి పెట్టమ్మా" అంది. పూజకని తెచ్చిన చక్కెర మూడు చెంచాలంత నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకు తేరుకున్నారు.

"ఇన్నేండ్లు దాచి, ఇయ్యాల నువ్వే తాపిస్తివా?" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత డాక్టరు విడమరిచి చెప్పారు. షుగర్ ఎక్కువైతే ఏళ్ల తరబడి లోలోపల దెబ్బతీస్తుంది. 70 కంటే పడిపోతే మాత్రం నిమిషాల్లోనే ప్రమాదం. ఆయన వేసుకునే రకం మాత్రకు వేళకు తిండి తప్పనిసరి. నేను ఎంత తింటున్నారో చూశానే గానీ, ఎప్పుడు తింటున్నారో చూడలేదు.

ఇప్పుడు రాత్రిళ్లు ఇద్దరికీ జొన్నరొట్టె, ఆకుకూరే. సాయంత్రం నడక కూడా ఇద్దరిదీ. బయటికెళితే ఆయన జేబులో చక్కెర పొట్లం ఉండాల్సిందే.

డబ్బా ఎక్కడుందో ఇప్పుడు ఆయనకూ తెలుసు.