కౌలీలో తెల్ల అంబాసిడర్

అంబాసిడర్ మన కారే అనుకుంటూ పెరిగాను. దాని పుట్టిల్లు మేముండే కౌలీ అని ఆక్స్‌ఫర్డ్ వచ్చాకే తెలిసింది. ఇక్కడి మోరిస్ కంపెనీ ‘ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3’ నమూనాతోనే హిందుస్థాన్ మోటార్స్ 1957లో అంబాసిడర్ మొదలుపెట్టి, 2014 దాకా తయారుచేసింది. కౌలీలో ఇప్పుడు మినీ కార్లు చేస్తున్నారు. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న జానెడైనా లేని ప్లాస్టిక్ అంబాసిడర్‌ను రిమోట్ కారుగా మార్చడానికి ఇంతకన్నా తగిన ఊరు ఏముంటుంది?

‘రెడీమేడ్‌ది కొనేయొచ్చుగా’ అంది మా ఆవిడ. కొనొచ్చు. కానీ ఇక్కడి దుకాణాల్లో నేను చూసినవన్నీ రేసు కార్లూ, తాటికాయంత చక్రాల జీపులూ. కలెక్టరుగారి కారు ఒక్కటీ కనబడలేదు.

కారును ముందుకూ వెనక్కూ నడపడం పెద్ద విద్యేం కాదు. అడుగు స్క్రూలు విప్పి, లాగి వదిలే స్ప్రింగు డబ్బా తీసేస్తే ఆ చోట్లో ఎన్20 గేరు మోటారు పడుతుంది. దాని వెడల్పు 12 మి.మీ., ఎత్తు 10 మి.మీ. 3.7 వోల్టుల చిన్న లిథియం బ్యాటరీ, మోటారు వేగాన్ని అదుపుచేసే బోర్డు కలిసి ఉన్న రిసీవరు ఉంటే చాలు.

అసలు పనంతా స్టీరింగులోనే. బొమ్మ కారుకు ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఆ ఇరుసును మధ్యకు కోసి, ఒక్కో చక్రం నిలువు పిన్ను మీద విడిగా తిరిగేలా కూర్చోబెట్టాలి. రెండింటినీ సన్నని కడ్డీతో కలిపి, కడ్డీని బుల్లి సర్వో మోటారుకు తగిలించాలి. అంతటితో అయిపోదు. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో తిరుగుతాయి. రెండూ ఒకే కోణంలో వంగితే చక్రాలు నేలను ఈడుస్తూ పోతాయి. గుర్రబ్బళ్ళ కాలంలోనే మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. లండన్‌లో చిత్రాలు అచ్చేసి అమ్మే ఆకర్‌మన్ 1818లో ఆయన తరఫున పేటెంటు తీసుకున్నాడు. పేరు ఆకర్‌మన్‌కే నిలిచింది. మధ్యవర్తికి పేరు దక్కడం లోకంలో కొత్తేం కాదు లెండి.

ఉపాయం ఇదీ: చక్రాల దగ్గర్నుంచి వెనక్కి వచ్చే చిన్న చేతులు లోపలికి వంగి ఉండాలి. పిన్ను నుంచి చేతి కొస మీదుగా గీత గీస్తే, రెండు గీతలూ వెనక ఇరుసు నడిమధ్యన కలవాలి. నేను కారు అడుగును అదే కొలతల్లో కాగితం మీద గీసుకుని, గుండుసూదులు గుచ్చి, దారం లాగి చూసుకున్నాను. బొమ్మకు ఆ మాత్రం కచ్చితత్వం చాలు.

అంబాసిడర్ బొద్దు మడ్‌గార్డులతో ఇంకో తంటా ఉంది. చక్రం వంగగానే అంచుకు ఒరుసుకుంటుంది. బయటి రూపు చెడకుండా లోపలి ప్లాస్టిక్‌ను పల్చగా గీకాలి. దీనికి పక్కింటి పెద్దాయన సన్నటి ఆకురాయి అరువిచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. మా కారును మోరిస్ అనే అంటాడు. మా అబ్బాయి ఒప్పుకోడు.

ప్లాస్టిక్ ఒళ్ళు కావడం కలిసొచ్చింది. లండన్‌లో 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ లాంటి లోహపు కార్లలో పై డొక్కే సిగ్నల్‌కు అడ్డు. యాంటెనా వైరును బయటికి తేవాలి. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో ఆ వైరు కొస సుమారు 31 మి.మీ. ఉంటుంది, అంటే తరంగం పొడవులో నాలుగో వంతు. పొడుగ్గా ఉందని కత్తిరించకండి.

ఇక్కడి ఇళ్ళ కార్పెట్ల మీద మాత్రం ఇది నడవదు. నూలుపోగులూ తల వెంట్రుకలూ ఇరుసుకు చుట్టుకుని మోటారు మూలుగుతుంది. వంటింటి నున్నటి నేలే దానికి రాజమార్గం.

మీరూ చేయాలనుకుంటే ఇండియా నుంచి బొమ్మ తెచ్చుకోండి, బ్యాటరీ మీరున్న చోటే కొనుక్కోండి. తేక తప్పదనుకుంటే, విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. కొసలకు టేపు చుట్టి చేతి సంచిలో తెచ్చుకోవాలి.