మూసీ వాలు కాళ్లకు తెలియాలి

హైదరాబాదు పాతబస్తీని ఆదివారం పొద్దున్నే, సైకిలు మీద, ఆ గల్లీలు ఎరిగిన మనిషి వెంట చూడాలి. కాస్త పొద్దెక్కితే ఆటోలూ తోపుడుబళ్లూ బేరాలూ రోడ్డును కప్పేస్తాయి. షట్టర్లు ఇంకా లేవని ఆ వేళలో మాత్రం నేల కనిపిస్తుంది. గైడు ముందు తొక్కుతాడు. పంక్చరు సామాను పట్టుకుని ఇంకొకరు చివర వస్తారు. మధ్యలో మనం.

సుల్తాన్‌బజారులో బయలుదేరితే బాగుంటుంది. పక్కనే కోఠీలో, పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. ఆ తర్వాత అదే భవనంలో తరాల తరబడి ఆడపిల్లలు చదువుకున్నారు. చుట్టుపక్కల బజారంతా ఒకప్పుడు రెసిడెంటు పాలనలో ఉండేది. ఆ బజారులోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో, 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు వంటివారు అందుకు పూనుకున్నారు. తెలంగాణలో తెలుగు చదువుకు దారి వేసిన ఆ గ్రంథాలయం ముందు కాలు కింద ఆన్చి నిలబడటం నాకు గుడికి వెళ్లినట్టే ఉంటుంది.

పుత్లీబౌలి, గౌలిగూడ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్తుంటే తొక్కే పని తగ్గుతుంది. సైకిలు తనంతట తానే దొర్లుతుంది. ఇంజను బండి మీద తెలియని సంగతి ఇది. కాళ్లకు ఒక్కసారిగా విశ్రాంతి దొరికిందంటే ముందు నది ఉందన్నమాట. మంచి గైడు ఇక్కడ ఉపన్యాసం మొదలుపెట్టడు. "ఎందుకు తేలిగ్గా వెళ్తున్నాం, చెప్పండి?" అని అడుగుతాడు. జవాబు మన మోకాళ్లే చెప్తాయి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, నది వైపున, ఒక పాత చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఊరి మీద పడ్డప్పుడు సుమారు నూటయాభై మంది ఆ కొమ్మలు పట్టుకుని బతికారు. వేలాది మంది బతకలేదు. ఎగువన రెండు వందలకు పైగా చెరువుల కట్టలు తెగి, ఆ నీళ్లన్నీ ఒక్కటై వచ్చాయి. ఆ చెట్టు కింద నిలబడి, ఇంతకుముందు దిగివచ్చిన వాలును వెనక్కి తిరిగి చూస్తే నీళ్లు ఎక్కడ కూడాయో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

నయాపూల్ వంతెన మీద ఆగితే ఆ వరద తర్వాత మళ్లీ కట్టుకున్న ఊరు కళ్లెదుట ఉంటుంది. ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఆయన చెప్పిన దారిలో ఎగువన 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో హైకోర్టు, 1925లో ఉస్మానియా ఆసుపత్రి నదికి అటూ ఇటూ లేచాయి. ఆ గుమ్మటాలు నిజాము వైభవమని చెప్పి ఊరుకుంటాం. అంత పెద్ద దుఃఖం తర్వాత ఒక నగరం తన నదికి ముఖం తిప్పుకోకుండా, దాని ఒడ్డునే రోగికి మంచం, కక్షిదారుకు న్యాయస్థానం కట్టుకుంది. నేను వాటిని చూసి గర్వపడేది అందుకు.

వంతెన దాటగానే తొక్కడం బరువవుతుంది. పత్తర్‌గట్టీ రాతి కమాన్ల వరస కూడా ఆ అభివృద్ధి మండలి పనే. అక్కడికి దగ్గర్లోనే మొహర్రం సంతాప మందిరం, బాద్‌షాహీ అషుర్‌ఖానా. కుతుబ్‌షాహీల నాటి ఆ గోడల మీద నీలం, పసుపు, ఆకుపచ్చ పింగాణీ పలకలు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా నిగనిగలాడుతున్నాయి. కొన్ని చోట్ల మాత్రం పలక ఉండదు, రంగు వేసిన పూత ఉంటుంది. 1908 నీళ్లు ఇక్కడికీ వచ్చి ఆ పలకలను పాడుచేశాయి. నది నుంచి ఇంత దూరం ఎదురెక్కి వచ్చిన కాళ్లకు ఆ పూత చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మనం ఆయాసపడి ఎక్కిన మెరక కూడా వరదకు అడ్డు రాలేదు.

మచిలీ కమాన్ కింది నుంచి వెళ్తే గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు కమాన్లు, ఆ పైన 1591 నాటి చార్మినార్. పక్కన లాడ్‌బజారు. బొగ్గు సెగకు లక్కను మెత్తబరచి, గాజుగా చుట్టి, ఒక్కొక్క రాయీ చేత్తో అద్దే పనివాళ్లు ఆ వెనక గల్లీల్లో ఉన్నారు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. గల్లీ ఎరిగిన గైడు ముందుగా సలాం చెప్పి, అనుమతి అడిగి, ఆ తర్వాతే మనల్ని లోపలికి రమ్మంటాడు. అడగకుండా ఫోటో తీయనివ్వడు. ఎవరి వాకిట్లో సైకిలు ఆపాలో, ఎవరి వాకిట్లో ఆపకూడదో అతనికి తెలుసు. ఆ మర్యాద లేని యాత్ర మనుషుల ఇళ్లను ప్రదర్శన చేస్తుంది.

ఒకప్పుడు ఈ ఊళ్లో గుమాస్తా, విద్యార్థి, పాలవాడు అందరూ సైకిలు మీదే తిరిగారు. గంటకింతని కిరాయికిచ్చే కొట్లు వీధివీధినా ఉండేవి. ఎత్తుపల్లాలు వాళ్లకు ఒంటితో తెలుసు. ఫ్లైఓవర్ల మీద పెరుగుతున్న పిల్లలకు ఆ ఎరుక లేదు. 2020 అక్టోబరు వానలకు మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగితే, నది ఊళ్లోకి వచ్చిందన్నారు. నది తన పల్లంలోనే ఉంది. ఆ పల్లంలోకి వచ్చింది మనమే.

అందుకే ప్రతి బడీ తన పిల్లల చేత ఒక్క ఆదివారమైనా ఈ దారిలో సైకిలు తొక్కించాలని నా కోరిక. చదివిన సంవత్సరాలు పరీక్ష అయ్యాక మరిచిపోవచ్చు. కాళ్లు నేర్చిన వాలును అంత తేలిగ్గా మరవరు. రేపు వాళ్లలో ఒకరు ఇంజనీరై, మరొకరు అధికారై, ఇంకొకరు ఇల్లు కొనే మనిషై మూసీ పక్కన కట్టబోయే దేనిదో ఒక ప్లాను ముందు కూర్చుంటారు. ఆ గీతల్లో నీటి దారి ఎటుందో మొదట అడగడం వాళ్లకు అప్పటికే అలవాటై ఉండాలి.