ఖరిదా వీధులలో తెలుగు మాట

చెన్నై నుండి హౌరా వెళ్ళే మెయిలు ఖరగ్‌పూర్‌లో ఆగగానే ప్రయాణికుని చూపు ప్లాట్‌ఫారం పొడవున సాగిపోతుంది. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఎన్నో ఏళ్ళపాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. కాని ఈ ఊరిని ఎరుగగోరిన వారు ప్లాట్‌ఫారం విడిచి, రైల్వే హద్దు దాటి, ఖరిదా వంటి పాత పేటలలో కొంతసేపు నడవాలి.

ఖరగ్‌పూర్‌లో రెండు రకాల నేల ఉన్నది. ఒకటి రైల్వే వారిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, ఆ శతాబ్దం ముగిసేనాటికి ఈ ఎర్రమట్టి మెట్టపై జంక్షనును, పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నీంపురా అనే కాలనీలు ఆ నేల మీదివే. అక్కడ ప్రతి ఇంటికీ ఒక అంకె ఉంటుంది. ఉద్యోగి హోదాను బట్టి ఇల్లు. రెండవది ఆ హద్దుకు ఆవల, ఎవరి తాహతుకు తగినట్లు వారు కట్టుకున్న ఊరు. ఖరిదా ఈ రెండవ కోవలోనిది.

పేరులోనే దాని గుణం ఉన్నది. ఖరిదా అనగా కొన్నది అని అర్థం. తెలుగువారు నిత్యం వాడే ‘ఖరీదు’ కూడ ఆ పారశీక మూలం నుండి వచ్చినదే.

మిదనాపూర్ వైపు పోయే రైలుమార్గం మీద ఖరిదా గేటు ఉన్నది. గేటు పడినప్పుడు ఊరంతా అక్కడ నిలబడినట్లే ఉంటుంది. సైకిలు రిక్షాలు, కూరగాయల బండ్లు, బడిపిల్లలు, డ్యూటీకి ఆలస్యమయిన కార్మికులు ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలుస్తారు. విసుగు మాత్రం నాలుగైదు భాషలలో వినిపిస్తుంది: బెంగాలీ, హిందీ, ఒడియా, పంజాబీ, వాటి నడుమ శ్రీకాకుళపు యాస. ఈ పట్టణాన్ని ‘మినీ ఇండియా’ అని పిలవడంలో అతిశయోక్తి కనబడదు.

ఆ యాస ఇంత దూరం వచ్చినది రైలు పట్టాల మీదనే. తూర్పుతీర రైలుమార్గంలోని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చింది. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలలో వానను నమ్ముకున్న పల్లెలు అనేకం. కరవు వచ్చిన ఏడు కొందరు రంగం ఓడ ఎక్కారు. మరి కొందరు ఖరగ్‌పూర్ రైలెక్కారు. అన్నను వెతుక్కుంటూ తమ్ముడు, మేనమామ వెంట అల్లుడు వచ్చారు. వర్క్‌షాపు కూత వారికి కోడికూత అయినది.

వారి కష్టసుఖాలలో పాలుపంచుకున్న వారిలో వి.వి. గిరి ముఖ్యులు. బరంపురంలో జన్మించిన ఆయన, 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మె సాగించినప్పుడు వారి నాయకులలో ఒకరు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఖరిదాకు చేరువలోని చిన్న స్టేషను పేరు గిరి మైదాన్. ఆ బోర్డు చూడగానే తెలుగు ప్రయాణికుని మనసులో మెదిలేది ఆయన రూపమే.

రైల్వే కొలువులో ఒక కఠిన నియమం ఉన్నది. పదవీ విరమణ తరువాత క్వార్టరు తాళంచెవి తిరిగి ఇచ్చివేయాలి. పిల్లలు పుట్టి పెరిగిన ఇల్లు, పెరటిలో తాను నాటిన మునగచెట్టు, అన్నీ విడిచిపోవాలి. అప్పుడు కార్మికుని ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే: తిరిగి స్వగ్రామమా, ఇక్కడేనా? స్వగ్రామంలో పొలం ఏనాడో పంచుకుపోయినది. పిల్లల చదువులు, స్నేహాలు ఇక్కడివి. ఉండిపోదలచినవారు రైల్వే హద్దుకు ఆవల రెండు గదులకు సరిపడ జాగా కోసం వెతికారు. ఇరుకు సందులలో గోడ గోడను ఆనుకొని నిలిచిన ఇళ్ళను చూచినప్పుడు, ‘కొన్నది’ అన్న మాటకు ఎంత బరువున్నదో తెలుస్తుంది. జీవితమంతా కూడబెట్టిన సొమ్ముకు దొరికిన నేల అది.

నేల దక్కినది. మరి భాష? వేసవి తొలి దినాలలో పట్టణంలోని తెలుగువారు మాతాపూజ జరుపుతారు. పసుపు నీటి ఘటాలు, వేపమండలు ఉత్తరాంధ్ర పల్లెలను కళ్ళకు కట్టిస్తాయి. ఆంధ్రుల పేరున ఉన్నత పాఠశాల కూడ ఉన్నది. అయినా ఉపాధికి పనికివచ్చేవి ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ. అందుచేత ఇంటిలో తెలుగు చక్కగా మాట్లాడే మనుమడు, తాత దాచుకున్న పాత ఉత్తరాన్ని చదువలేకపోవడం ఇటువంటి ఊళ్ళలో వింత కాదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఆమోదం తెలిపింది. శతాబ్దం పైబడిన నివాసానికి అది ఒక గుర్తింపు. అయితే ప్రభుత్వపు ఉత్తర్వు ఇంటి గడప వరకే రాగలదు. లోపల అక్షరాలు దిద్దించవలసినది ఇంటివారే.

సాయంకాలం ఖరిదా బజారులో దుకాణదారు ఒకరిని ‘దాదా’ అని, మరొకరిని ‘భాయి’ అని పిలుస్తాడు. సంచీతో వచ్చిన ముసలమ్మను చూచి ‘ఏటప్పా, ఏటి కావాల?’ అంటాడు. గేటు అవతల రైలు కూత వేస్తుంది. ఆ బండి తెలుగు నాడు మీదుగా పోయేదో కాదో ఆమె చూడదు. బేరం తెమిలేదాకా మాత్రం ఆమె కదలదు.